ఖాళీ హాల్లో మా అత్త పాట

దయ్యాలను నేను నమ్మను. ఈ మాట అని, ఆ వెంటనే దయ్యం కథ మొదలుపెట్టేవాళ్ళను చాలామందిని చూశాను. అందుకే ముందే ఒక సంగతి చెప్పాలి. నేను రాయబోయే దాంట్లో ఎవరూ కనపడరు. ఏ కేకా వినపడదు. అది పట్టపగలు, మద్రాసు నగరంలో, ఇంకా సున్నం వాసన పోని ఒక కొత్త సంగీతశాలలో జరిగింది. అక్కడ మేం నలుగురం ఉన్నాం. అందులో ఒకాయన చేతిలో స్టాప్‌వాచీ ఉంది.

నేను డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేశాను. ఇంజనీర్లు లెక్కలు కడితే వాటిని గీతలుగా కాగితం మీద పెట్టడం నా పని. కొలతకు అందని దాన్ని గీసే అలవాటు నాకు లేదు. అందుకే ఈ విషయం ఇన్నేళ్ళూ ఎక్కడా రాయలేదు. ఇప్పుడు కూడా జరిగింది జరిగినట్టు చెప్తాను, అంతే.

మాది పాలకీడు. హుజూర్‌నగర్ పక్కన. మా తాత, నాయన ఇద్దరూ పొలం కూలీలు. నేను మిర్యాలగూడ మిషన్ బడిలో చదువుకున్నాను. గీతలు బాగా గీస్తున్నానని అక్కడి అయ్యవారొకాయన పట్టుబట్టి నన్ను మద్రాసు పంపించాడు. అక్కడ డ్రాయింగు నేర్చుకుని, ఒక ఇంజనీరు దగ్గర పనిలో చేరాను.

నాకు రెండేళ్ళప్పుడే మా అమ్మ పోయింది. నన్ను పెంచింది మా మేనత్త రాహేలమ్మ. పెళ్ళైన మూడేళ్ళకే మొగుడు పోతే పుట్టింటికి వచ్చేసింది. పిల్లల్లేరు. నేనే ఆమెకు కొడుకును.

మా అత్త గొంతు గురించి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. చుట్టుపక్కల ఏ ఊళ్ళో నాట్లు మొదలైనా ఆమెకు కబురొచ్చేది. నాట్లలో పాట ఎత్తుకునే మనిషి ఒకరుంటారు. ఆ మనిషి ఒక చరణం పాడితే, బురదలో వంగి నాటేస్తున్న మిగతా ఆడవాళ్ళంతా దాన్ని అందుకుంటారు. ఆ అందుకునేంత సేపు ముందు మనిషి ఊపిరి తీసుకుంటుంది. మళ్ళీ ఎత్తుకుంటుంది. పొద్దంతా అలా సాగుతుంది. అత్త ఎత్తుకుంటే రెండు పొలాల అవతల కాలవ గట్టు మీద నడిచేవాళ్ళు కూడా ఆగేవారు. చర్చిని మేం గుడి అనేవాళ్ళం, ఆదివారం అక్కడ కీర్తన మొదలుపెట్టేదీ ఆమే.

నలభై ఏడు, నలభై ఎనిమిదిల్లో మా వైపు ఊళ్ళు ఎలా చెల్లాచెదురయ్యాయో తెలిసినవాళ్ళకు తెలుసు. సూర్యాపేట వైపు వాళ్ళు కొందరు మునగాలకు పారిపోయారు. మునగాల పరగణా అప్పట్లో నైజాంలో లేదు, కృష్ణా జిల్లా కింద ఉండేది. మా ఊరివాళ్ళు కృష్ణ దాటి గుంటూరు వైపు పోయి గుడారాల్లో తలదాచుకున్నారు. అక్కడ కలరా తగిలింది. అత్త వెంట పాట అందుకునే ఆడవాళ్ళలో సగం మందికి పైగా తిరిగి రాలేదు. నేనప్పుడు మద్రాసులో ఉన్నాను. ఉత్తరాలు కూడా అందేవి కావు.

అంతా సద్దుమణిగాక అత్త ఊరికి తిరిగొచ్చింది గానీ నోరు విప్పి పాడలేదు. నాట్లలో పాడలేదు. గుళ్ళో పాడలేదు. ఎవరైనా అడిగితే, "అందుకునేటోళ్ళు లేరు. నేనొక్కదాన్ని ఎత్తుకునుడెందుకు?" అనేదట. దానికి తోడు చూపు మందగించడం మొదలైంది. ఆరు నెలలు తిరిగేసరికి వెలుగూ చీకటీ తప్ప ఏమీ తెలియని స్థితికి వచ్చింది.

నలభై తొమ్మిది ఎండాకాలంలో నేను సెలవు పెట్టి వచ్చాను. మద్రాసులో పెద్ద కంటి దవాఖాన ఉంది, అక్కడ చూపిద్దామని ఆమెను బయల్దేరదీశాను. పాలకీడు నుంచి కోదాడ దాకా ఎడ్లబండి. కోదాడలో బెజవాడ బస్సు. పెట్రోలు కరువు వల్ల అప్పటి బస్సులు బొగ్గు గ్యాసుతో నడిచేవి, వెనక పొయ్యి ఉండేది. అది రాజుకునేదాకా అందరం చెట్టు కింద కూర్చున్నాం.

"కొడుకా, కండ్లొస్తయంటవా?" అని అత్త అడిగింది.

"వస్తయత్తా. పెద్ద డాక్టర్లున్నరు."

"వస్తే ముందుగాల నువ్వు గీసిన ఆ హాలేందో సూస్త. ప్రతి ఉత్తరంల అదే రాస్తివి."

నిజమే, ప్రతి ఉత్తరంలో అదే రాశాను. అప్పటికి రెండేళ్ళుగా నా జీవితం ఆ హాలే.

దవాఖానలో పది రోజులు తిప్పారు. చుక్కల మందులు వేశారు, దీపాలు పెట్టి చూశారు. పదకొండో రోజున డాక్టరు నన్ను పక్కకు పిలిచి, కంటి నరం ఎండిపోయింది, ఇక చూపు రాదు అన్నాడు. ఆ మాట అత్తకు ఎలా చెప్పాలో తెలియక వరండాలో నిలబడిపోయాను. ఆమే చేయి చాచి నా మోచెయ్యి పట్టుకుంది.

"నీ నడకల్నే తెల్సింది తీ. పరేషాన్ గాకు. ఉన్నన్ని దినాలు సూసిన గదా."

ఆ రోజు శనివారం. తిరుగు రైలు ఆదివారం సాయంత్రం. ఆ రాత్రి నా గదిలో ఆమె నిద్రపోయింది గానీ నాకు నిద్ర పట్టలేదు. తల్లిలాంటి మనిషి ఇంత దూరం వచ్చి ఒట్టి చేతులతో పోతోంది. నేను జీవితంలో చేసిన ఒకే ఒక్క గొప్ప పనిని ఆమెకు చూపించలేను. తెల్లవారేసరికి, చూపించలేకపోయినా సరే, ఒకసారి లోపలికి తీసుకెళ్దాం అనుకున్నాను.

ఆ హాలు గురించి చెప్పాలి. తర్వాతి రోజుల్లో ఎన్నో భవనాలు చూశాను, కొన్నింటికి పనిచేశాను. అంత అందమైన దాన్ని మళ్ళీ చూడలేదు.

అప్పటిదాకా మద్రాసులో పెద్ద భవనం అంటే గుమ్మటాలు, స్తంభాలు, తోరణాలు. మా ఇంజనీరు శేషాద్రి గారు అవేవీ పెట్టలేదు. బయట నుంచి చూస్తే తెల్లటి గోడ ఒకటి మెత్తగా వంపు తిరిగి ఉంటుంది, ఎవరో బట్టను గాలికి వదిలినట్టు. ముందు భాగంలో నేల నుంచి పైదాకా గాజు. లోపల మేడ మెట్లు కింద ఒక్క స్తంభం కూడా లేకుండా గోడలోంచి పుట్టుకొచ్చి చుట్టు తిరిగి పైకి పోతాయి. ఆ మెట్ల బొమ్మ నేనే పదకొండు సార్లు గీశాను. మొదటిసారి సిమెంటు పోసి చెక్కలు తీసిన రోజు, పని చేసిన కూలీలు కూడా వాటి మీద అడుగు పెట్టడానికి జంకారు. శేషాద్రి గారు చెప్పులు విప్పి ముందు తానే ఎక్కారు.

అసలు హాల్లో ఎనిమిది వందల కుర్చీలు. ఎక్కడా స్తంభం లేదు. వేదిక దగ్గర ఇరుగ్గా మొదలై వెనక్కి పోయేకొద్దీ వెడల్పవుతుంది. పైకప్పు అలలు అలలుగా కిందికి దిగి వేదిక దగ్గర ఆగుతుంది. పక్క గోడలకు సన్నటి టేకు పట్టీలు, మధ్య మధ్య సందులతో. పొద్దున పూట పైనున్న గుండ్రటి కిటికీల్లోంచి ఎండ వచ్చి ఆ పట్టీల మీద పడితే గోడంతా తేనె రంగులోకి మారేది. బంగారం పూత గానీ, శిల్పం గానీ ఒక్కటీ లేదు. అయినా లోపలికి వచ్చినవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళు.

ఒక్క చిక్కు మాత్రం ఉంది. ఖాళీ హాల్లో చప్పట్లు కొడితే ఆ మోత వెంటనే ఆగేది కాదు. వెనక గోడను తాకి తిరిగొచ్చి, చాలాసేపు పైన వేలాడేది. మాట మీద మాట పడేది. మనుషులు నిండితే వాళ్ళ ఒళ్ళూ బట్టలూ ఆ మోతను మింగేస్తాయి, అప్పుడు సరిగ్గా సరిపోతుంది అని శేషాద్రి గారి లెక్క. హాలు కట్టిస్తున్న కమిటీ పెద్దలు నమ్మలేదు. వెనక గోడ పగలగొట్టాలి, పైకప్పుకు అడ్డంగా గుడ్డలు కట్టాలి అన్నారు. సోమవారం నాడు ఆ సంగతి తేల్చేస్తామన్నారు. అది జరిగితే హాలు హాలుగా మిగలదు. ఆయన వారం రోజులుగా సరిగ్గా అన్నం తినడం లేదు. ఎవరూ ఉండరని ఆదివారం పూట కూడా వచ్చి కొలతలు తీసుకునేవారు.

మేం వెళ్ళేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. గేటు దగ్గర వాచ్‌మన్ మునుస్వామి నన్ను చూసి నవ్వి తలుపు తీశాడు. లోపల శేషాద్రి గారు ఒక్కరే, మూడో వరసలో, ఒళ్ళో నోటు పుస్తకం పెట్టుకుని కూర్చున్నారు.

గడప దాటగానే అత్త ఆగిపోయింది.

"ఎంత పెద్దగున్నది కొడుకా!" అంది. ఎవరూ చెప్పలేదు ఆమెకు. నేనింకా నోరు కూడా తెరవలేదు.

ఆమె నా భుజం మీద చేయి వేసి నడిచింది. గోడ పొడుగునా టేకు పట్టీలు తడుముకుంటూ పోయింది. ఒక్కో పట్టీ మధ్య సందులో వేలు పెట్టి చూసింది. కుర్చీ పేము అల్లికను అరచేత్తో రాసింది. వెనక గోడ దాకా పోయి, అక్కడి నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ ముందుకొచ్చి, అవతలి గోడ తాకి, మళ్ళీ వేదిక దగ్గరికి వచ్చింది. ఒకచోట ఆగి నాలుకతో చిన్న చప్పుడు చేసి తల పైకెత్తి విన్నది. పావుగంట పట్టింది. నేను మధ్యలో ఏమీ చెప్పలేదు.

"చేట," అంది చివరికి. "చేట లెక్కున్నది. ఈడ సన్నగ, ఎనక వెడల్పు. మీద కప్పు మెట్లు మెట్లుగ దిగుతున్నది. అవునా?"

శేషాద్రి గారు లేచి నిలబడ్డారు. ఆయన తమిళులైనా తెలుగు బాగా మాట్లాడేవారు. "డానియల్, మా కమిటీ వాళ్ళకు ప్లాను చూపించి ఎనిమిది నెలలు చెప్పాను. ఒక్కరికీ ఈ ముక్క ఎక్కలేదు" అని నాతో అన్నారు. ఆ వారంలో ఆయన నవ్వడం అదే మొదలు.

నేను ఆమె ఎవరో చెప్పాను. ఆయన దండం పెట్టారు. ఆమెకు కనపడదు కదా అని గుర్తొచ్చి, "నమస్కారం అమ్మా" అని పైకి అన్నారు.

తర్వాత మామూలుగా కొలత మొదలుపెట్టాం. నా దగ్గర రెండు టేకు చెక్కలుండేవి. వేదిక మీద నిలబడి వాటిని ఒక్కసారి గట్టిగా కొట్టాలి. మోత పూర్తిగా ఆగేదాకా ఆయన వాచీ చూసుకుంటారు. కొట్టాను. మోత పైకి లేచి, వెనక గోడను తాకి, తిరిగొచ్చి, నెమ్మదిగా చచ్చిపోయింది. మూడున్నర సెకన్లు. మళ్ళీ కొట్టాను. మూడున్నర. ఆ వారంలో దవాఖాన నుంచి వచ్చాక సాయంత్రాలు ఎప్పుడు కొలిచినా అదే.

"ఎవలో ఎనక నుంచి మల్ల కొడుతున్నట్టున్నది," అంది అత్త.

ఆయన ఆమెకు విడమరిచి చెప్పారు. జనం లేరు కాబట్టి అలా ఉందని, జనం వస్తే ఈ మోత తగ్గుతుందని, ఆ మాట ఎవరూ నమ్మడం లేదని.

"నమ్మకపోవుడేంది? మాకెరికే గది. ఉత్త గుళ్ళె పాట ఒక తీరు, నిండిన గుళ్ళె ఒక తీరు."

అప్పుడు నేను అడిగాను. ఎందుకు అడిగానో ఇప్పటికీ చెప్పలేను. ఆ సాయంత్రం ఆమె వెళ్ళిపోతుందన్న బాధ అయి ఉండవచ్చు.

"అత్తా, ఒక్క పాట పాడరాదూ."

"వద్దు కొడుకా."

"నేను గీసిన హాలు. నువ్వు తప్ప నా వాళ్ళెవరూ దీన్ని చూడలేదు."

ఆమె వేదిక అంచును అరచేత్తో తడిమింది. శేషాద్రి గారు కూడా, "నాక్కూడా ఒక మనిషి గొంతు వినాలని ఉందమ్మా, ఎంతసేపని ఈ చెక్కల చప్పుడు" అన్నారు.

ఆమెను చేయి పట్టి వేదిక మధ్యకు తీసుకెళ్ళాను. కొంగు నడుముకు చుట్టుకుంది, నాట్లలోకి దిగేటప్పుడు చుట్టుకున్నట్టే. నేను నాలుగడుగులు పక్కకు జరిగి నిలబడ్డాను. ఆమె నోరు తెరవబోయి, చెయ్యి కొంచెం పైకెత్తింది.

"జర ఆగుండ్రి. కూసోనియ్యుండ్రి."

శేషాద్రి గారు తనను గురించే అనుకున్నారు. గబగబా కూర్చున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ ఆయన కూర్చున్నాక కూడా ఆమె మొదలుపెట్టలేదు. తల కొంచెం పక్కకు వంచి వింటూ నిలబడింది. పెళ్ళిపందిట్లో జనం సర్దుకునేదాకా ఆగుతామే, అంతసేపు ఆగింది. నాకు ఏ అడుగుల చప్పుడూ వినపడలేదు. ఒక్క కుర్చీ కూడా కిర్రుమనలేదు. ఆ మాట గట్టిగా చెప్పగలను.

తర్వాత ఎత్తుకుంది.

అది నాట్ల పాటే. చిన్నప్పుడు గట్టు మీద కూర్చుని వందసార్లు విన్నదే. మొదటి చరణం పూర్తయి ఆమె ఆగింది, అందుకునేవాళ్ళ కోసం ఆగినట్టు.

ఆ ఖాళీలో నాకు ఏదో తేడా తోచింది. అదేమిటో వెంటనే తెలియలేదు. రెండో చరణం పాడి మళ్ళీ ఆగినప్పుడు తెలిసింది. పైన వేలాడే ఆ మోత లేదు. ఆమె గొంతు హాలంతా నిండి, ఆమె ఆపిన చోట శుభ్రంగా ఆగిపోతోంది. వెనక గోడ నుంచి ఏదీ తిరిగి రావడం లేదు. ఒక్కో మాట, ఒక్కో విరుపు, గమ్మత్తుగా గొంతులో తిప్పే చిన్న తిప్పు కూడా పక్కన కూర్చుని చెవిలో పాడినంత స్పష్టంగా ఉంది. అంత అందంగా ఆ హాలు మోగడం నేను అప్పటిదాకా వినలేదు. శేషాద్రి గారు రెండేళ్ళు కాగితం మీద లెక్కలు కట్టింది దీని కోసమే.

ఆమె ప్రతి చరణం తర్వాతా సరిగ్గా అందుకునేంతసేపు ఆగేది. ఆ సేపంతా నిశ్శబ్దం. నేను చెవులు రిక్కించి విన్నాను. ఒక్క గొంతు కూడా వినపడలేదు. కానీ ఆమె ముఖం వింటున్న మనిషి ముఖంలా ఉంది.

శేషాద్రి గారు లేచి నిలబడి పైకప్పు వైపు చూశారు. తర్వాత నావైపు చూసి, చెక్కలు కొట్టమని వేలితో సైగ చేశారు. పాట మధ్యలో కొట్టడానికి నాకు మనసొప్పలేదు. ఆమె ఒక చరణం ముగించేదాకా ఆగి, ఆ విరామంలో కొట్టాను. టక్కుమని ఒక్క చప్పుడు. మామూలు కన్నా చాలా ముందే అణిగిపోయింది. ఆయన వాచీ చూసి, మళ్ళీ అన్నట్టు చేయి ఊపారు. మొత్తం మూడుసార్లు కొట్టాను. అత్త పట్టించుకోలేదు, తన పాట తనదే.

ఆ మధ్యలోనే మునుస్వామి లోపలికి వచ్చాడు. పాట విని వచ్చి ఉంటాడు. తలుపు చప్పుడు కాకుండా వేసి, నడుం వంచి, ముందుకు చేయి చాచి దారి అడుగుతున్నట్టుగా వరస మధ్యలోంచి పక్కకు పక్కకు నడుస్తూ వచ్చి ఒక కుర్చీ అంచున కూర్చున్నాడు. నిండిన సభలో కూర్చున్నవాళ్ళ మోకాళ్ళు తగలకుండా ఎలా నడుస్తామో అలా. కాసేపటికి చుట్టూ చూసుకుని, మెల్లగా లేచి, గోడ పక్కకు పోయి నిలబడ్డాడు. ఎందుకలా నడిచావని తర్వాత అడిగితే, తెలియదు సార్ అన్నాడు. అంతకుమించి ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు.

పాట అయిపోయింది. అత్త రెండు చేతులూ జోడించి కాసేపు అలాగే నిలబడింది. తర్వాత మామూలు గొంతుతో, "ఇగ కొట్టి సూడు కొడుకా," అంది.

కొట్టాను. మోత పైకి లేచింది. వెనక గోడను తాకింది. తిరిగొచ్చింది. మూడున్నర.

శేషాద్రి గారు వేదిక దగ్గరికి వచ్చారు. నోటు పుస్తకం నా చేతికిచ్చారు. పాట మధ్యలో తీసిన కొలతలు మూడు, ఒకదాని కింద ఒకటి: ఒకటి పాయింటు ఎనిమిది, ఒకటి పాయింటు ఎనిమిది, ఒకటి పాయింటు ఎనిమిది.

ఆయన దేవుడి పటం కూడా ఇంట్లో పెట్టుకోని మనిషి. వెంటనే కారణం వెతకడం మొదలుపెట్టారు. పై కిటికీలు తెరిచి ఉన్నాయేమో చూశారు, అన్నీ మూసే ఉన్నాయి. తలుపులు తెరిచి కొట్టించారు, మూసి కొట్టించారు. వాచీ ఆగి ఉంటుందేమోనని నా చేతి గడియారంతో సరిచూశారు. ఆమెను అదే చోట నిలబెట్టి నన్ను కొట్టమన్నారు. అన్నిసార్లూ మూడున్నరే. చివరికి అత్త దగ్గరికొచ్చి, చాలా మర్యాదగా అడిగారు.

"అమ్మా, మీరు పాడేటప్పుడు హాల్లో ఎంతమంది ఉన్నారనిపించింది?"

"నేనేమన్న లెక్కవెట్టిన్నా అయ్యా? నిండుగున్నది. అంతే ఎరుక."

ఆ సాయంత్రం ఆమెను రైలెక్కించి, బెజవాడ దాకా తోడు వెళ్ళి, కోదాడ బస్సులో మా ఊరివాళ్ళతో కూర్చోబెట్టి తిరిగొచ్చాను. అందుకే సోమవారం కమిటీలో ఏం జరిగిందో నేను చూడలేదు. ఆఫీసులో వాళ్ళు చెప్పారు. శేషాద్రి గారు అంతకుముందు కమిటీ ముందు కొంచెం తగ్గి మాట్లాడేవారట. ఆ రోజు మాత్రం, గోడకు ఉలి తగిలితే నేను వెళ్ళిపోతాను, జనం నిండాక కొలిచి చూడండి, తప్పయితే అప్పుడే నా ముందు పగలగొట్టండి అన్నారట. ఆ ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకొక్కడికే తెలుసు. ఆదివారం కొలతలు ఆయన వాళ్ళకు చూపించలేదు. చూపిస్తే ఏమని చెప్తారు?

మూడు వారాల తర్వాత హాలు తెరిచారు. ఎనిమిది వందల కుర్చీలూ నిండాయి. పట్టుచీరలు, మల్లెపూలు, విసనకర్రలు. గుండ్రటి కిటికీల్లోంచి సాయంత్రపు ఎండ ఇంకా కొంచెం పడుతోంది. కచేరీ మొదలుకాక ముందు శేషాద్రి గారు వేదికెక్కి, ఒక్క నిమిషం ఎవరూ కదలవద్దని సభను వేడుకున్నారు. నేను చెక్కలు కొట్టాను. రెండోసారి కొట్టాను. మూడోసారి.

ఆయన వేదిక దిగి, నా పక్కన నిలబడి, వాచీ నాకు చూపించారు. ఒకటి పాయింటు ఎనిమిది.

కచేరీ అద్భుతంగా జరిగింది. చివరి వరసలో కూర్చున్న ముసలాయనకు తంబురా తీగ మీటు కూడా వినపడిందట. గోడ పగలగొట్టే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. తర్వాతి రోజుల్లో ఎక్కడెక్కడి ఇంజనీర్లో వచ్చి ఆ హాలును చూసి వెళ్ళారు. నేను మెట్ల పక్కన నిలబడి, అవి గీసింది నేనేనని ఎవరికీ చెప్పకుండా సంతోషపడేవాణ్ణి.

శేషాద్రి గారు ఆ తర్వాత చాలాకాలం ప్రయత్నించారు. ఖాళీగా ఉన్నప్పుడు వేరే ఆడవాళ్ళ చేత పాడించి కొలిచారు. మబ్బు పట్టిన రోజున, ఎండ కాసిన రోజున, వాన పడిన రోజున కొలిచారు. ఖాళీ హాలు మళ్ళీ ఎప్పుడూ అలా మోగలేదు. నేను కొన్నేళ్ళకు సూర్యాపేటలో ఉద్యోగం దొరికి మా వైపు వచ్చేశాక, ఆయన దగ్గర నుంచి ఏడాదికొక కార్డు వచ్చేది. క్షేమసమాచారాలన్నీ రాసి చివర ఒక ముక్క ఉండేది: ఇంకా లెక్క కుదరలేదు. ఆయన పోయేదాకా ఆ ముక్క మారలేదు.

ఇక అత్త సంగతి. ఆ ఏడు శ్రావణంలో నేను పాలకీడు వెళ్ళాను. నాట్లు పడుతున్నాయి. ఊరి బయటే ఆమె గొంతు వినపడింది. గట్టు మీద గొంగడి పరిచి కూర్చోబెట్టారు. ఆమె ఎత్తుకుంటోంది. కొత్త కోడళ్ళు, పదిహేను పదహారేళ్ళ ఆడపిల్లలు, వరస సరిగ్గా రానివాళ్ళు, తప్పులతడకగా అందుకుంటున్నారు. తప్పినప్పుడల్లా ఆమె ఆపి, తిట్టి, మళ్ళీ చెప్తోంది. కోదాడలో బస్సు దిగి బండెక్కిన రోజే పాట మొదలుపెట్టిందని, ఇంటికొచ్చేదాకా ఆపలేదని బండి తోలిన మనిషి నాతో చెప్పాడు.

మధ్యాహ్నం అందరూ అన్నాలకు కూర్చున్నప్పుడు ఆమె పక్కన చేరాను. హాలు తెరిచిన రోజు సంగతి, కొలత కలిసిన సంగతి అంతా చెప్పాను. ఆమెకు ఆశ్చర్యం కలగలేదు. మీ ఇంజనీరు సారు అన్నం తింటున్నడా అని మాత్రం అడిగింది. తింటున్నారని చెప్పాను. అప్పుడు అడిగాను.

"అత్తా, ఆ దినం హాల్లో ఎవరున్నరు? మన ఊరోళ్ళేనా?"

ఆమె గిన్నెలో చెయ్యి కడుక్కుంది. తొందరపడలేదు.

"పాట ఇన వచ్చినోళ్ళను మీరెవలని అడుగుతరా బిడ్డా? ఎంత తప్పు! వచ్చిన్రు, కూసున్నరు, ఇన్నరు. మనం మంచిగ పాడాలె, గంతే."

అని లేచి, నా భుజం పట్టుకుని గట్టు దాకా నడిచింది. ఆ తర్వాత ఆమె బతికున్న పదకొండేళ్ళలో ఆ మాట మా మధ్య మళ్ళీ రాలేదు.

అంత పెద్ద హాల్లో ఆ మధ్యాహ్నం మేం నలుగురమే ఉన్నామని నేను ఎక్కడైనా చెప్పగలను. అది ఎనిమిది వందల మంది ఉన్న హాలులా మోగిందనీ చెప్పగలను. ఈ రెండూ ఒక్కసారే ఎలా నిజమయ్యాయో నాకు తెలియదు.